కార్డులో లేని నొప్పి

2వ తేదీ, సోమవారం

ఈ నోటుబుక్కు నాది కాదు. నేను ఊడ్చే నర్సు కాలేజీలో ఇంగ్లీషు మేడమ్ పిల్లలందరికీ తలా ఒకటి ఇచ్చింది, రోజూ ఏ మాట చెప్పడానికి నోరు రాలేదో రాసుకోమని. ఒకటి మిగిలితే నాకిచ్చింది. మీరూ రాసుకోండి పెద్దమ్మా, మీకున్నన్ని భయాలు ఈ క్లాసు మొత్తానికి లేవు అంది. నవ్వుతూనే అంది. ఐదో తరగతి దాకా చదివినదాన్ని, నేనేం రాస్తాను? అయినా తెచ్చుకున్నాను. చీపుర్ల అలమరాలో ఫినాయిలు సీసాల వెనక పెడుతున్నాను. అక్కడ చెయ్యి పెట్టేది నేనొక్కదాన్నే.

ఇప్పటికి భయం ఒకటే. ఇరవయ్యో తేదీన మనవరాలికి ఫోను పరీక్ష. అది తప్పితే నాలుగేళ్ల నర్సు చదువూ గంగలో కలిసినట్టే. పరీక్షలో మాట్లాడాలి. మా పిల్ల నోరు తెరవదు.

3వ తేదీ

ఇవాళ నాకు ఆయాసం. కార్డులో అదే ఉంది.

ఊడ్చే పని పదింటికల్లా అయిపోతుంది. తర్వాత ప్రాక్టికల్ గదిలో మంచమెక్కి, మేడమ్ ఇచ్చిన కార్డులో ఏ రోగముంటే ఆ రోగం పడాలి. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి మన మాటల్లో నా బాధ అడుగుతారు. అడిగి, బల్ల మీది ఫోనెత్తి, పక్క గదిలో డాక్టరు వేషంలో ఉన్న మేడమ్‌కు ఇంగ్లీషులో చెబుతారు. రోగికి ఇంగ్లీషు రాదు, పెద్ద డాక్టరుకు ఇంగ్లీషులో తప్ప చెవికెక్కదు, మధ్యలో నలిగేది నర్సు, అందుకే ఈ తిప్పలన్నీ అంటుంది మేడమ్.

పిల్లలు నన్ను పేషెంటమ్మ అంటారు. లొడలొడ పిల్ల ఒకతె ఉంది, ఇవాళ ఏ రోగంతో దయచేశారు పేషెంటమ్మా అంటుంది రాగానే. దానికి ఇంగ్లీషు సగమే వచ్చు. ఆ సగంతోనే ఫోను అదరగొడుతుంది.

మా పిల్ల వంతు వచ్చింది. నన్ను అడగడం చక్కగా అడిగింది. ఫోనెత్తింది. అంతే. గొంతులో వెలక్కాయ పడ్డట్టు నిలబడిపోయింది. అవతల మేడమ్ హలో, హలో అంటుంటే నాకు వినబడుతూనే ఉంది. నేను లోలోపల అంకెలు లెక్కపెట్టాను. నలభై దాకా వెళ్లాను. అది ఫోను పెట్టేసి, నా దుప్పటి సర్ది వెళ్లిపోయింది.

4వ తేదీ

ఛాతీ నొప్పి కార్డు. ఇంటికొచ్చాక నిజంగానే ఛాతీ అంతా నొక్కి చూసుకున్నాను. ఏమీ లేదు. మెట్లెక్కితే ఆయాసం మాత్రం వస్తోంది. నిన్నటి కార్డు ఇంకా వదల్లేదు కాబోలు.

5వ తేదీ

ఏమీ జరగలేదు. ఏమీ జరగని రోజంటే నాకు మరీ భయం.

7వ తేదీ, శనివారం

మేడమ్ పిల్లలకు నాలుగు మెట్లు నేర్పింది. డాక్టరుకు ఫోను చేస్తే ఈ వరసే. నేనెవరు. ఏం జరిగింది. నాకేమనిపిస్తోంది. మీరేం చేయాలి. సాగదీయకూడదు, ఏడవకూడదు, ముందే క్షమించండి అనకూడదు. మా పిల్ల ఆ నాలుగూ వంటగది గోడ మీది క్యాలెండరు అంచున రాసుకుంది. నా కోసం కింద తెలుగులో కూడా రాసింది, నేను ఊరికే తొంగిచూస్తున్నానని.

కాగితం మీద దానికి ఇంగ్లీషు రానిదేమీ లేదు. రాత పరీక్షలో క్లాసుకంతటికీ మొదట వచ్చింది. నోటి దగ్గరే ఆగిపోతుంది. చిన్నప్పుడు కూడా ఇలాగే నోట్లో నాలుక లేని పిల్లేనా అని మేడమ్ నన్ను అడిగింది. అవునన్నాను.

9వ తేదీ

ఎడమవైపు దవడ లాగుతోంది. పన్ను పుచ్చిందేమో. ఆ వైపు పళ్లు ఊడి ఆరేళ్లయింది. అయినా పన్నే.

అవునన్నాను గానీ, అది అబద్ధం. తొమ్మిదేళ్లొచ్చేదాకా మా పిల్ల వాగుడుకాయ. దాని నోరు మూయించలేక చచ్చేవాళ్లం.

10వ తేదీ

మేడమ్ నన్ను గదిలోకి పిలిచి పరీక్ష కార్డులు మూడు ఇచ్చింది. కంఠతా పట్టాలట. ఆ రోజు ఫోనులో అవతల తాను కాదు, ఆస్పత్రి నుంచి నిజం డాక్టరు వచ్చి కూర్చుంటాడట, మార్కులు ఆయనవే. మీ మనవరాలికి మాత్రం మీరొద్దు, తోటమాలిని పడుకోబెడతాను అంది.

కొత్త మొహం చూస్తే ఇది ఆ ఫోను దాకా కూడా వెళ్లదు. అమ్మా, నేనే పడుకుంటాను, మీ కార్డు నా కడుపులోంచి బయటికి రాదు అని బతిమాలాను. మేడమ్ నా మొహం చూసి సరే అంది. నమ్మింది.

12వ తేదీ

ఒక పని చేశాను. రాయను.

13వ తేదీ, శుక్రవారం

రాస్తాను. రాయకపోతే లోపల కుళ్లిపోతుంది.

దాని కార్డేమిటో దానికి చెప్పేశాను. కడుపులో కుడివైపు నొప్పి, రెండు రోజుల నుంచి, నాలుగు వాంతులు, జ్వరం. గిన్నెలు తోముతూ, దాని వైపు చూడకుండా చెప్పాను. అది చాలాసేపు నన్నే చూసింది. వద్దు అమ్మమ్మా అంటుందేమో, అంటే బాగుండు అనిపించింది కూడా. కాసేపటికి కాగితం తెచ్చుకుంది.

నేను దొంగతనం చేశానా ఏమిటి? నోట్లోంచి ఒక మాట జారింది, అంతే కదా. దానికి మేలే కదా చేశాను.

16వ తేదీ

రాసింది రాసినట్టు వల్లె వేసింది. పొద్దున్నే పొయ్యి దగ్గర నిలబడి గోడకు అప్పజెబుతుంది. తడుముకోవడం లేదు. చిలకలాగా ఒకటే వేగం. నాకు ప్రాణం లేచొచ్చింది.

మధ్యలో ఆపి, అంటే ఏమిటే అని ఒక మాట గురించి అడిగాను. ఆపితే మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి అమ్మమ్మా, అడగకు అంది.

దవడ అలాగే ఉంది. ఇవాళ చెయ్యి కూడా. బకెట్టు మోసిన చెయ్యే, ఇంకేమవుతుంది?

18వ తేదీ

దాని నోరు ఎలా మూతపడిందో ఇందులో రాస్తే పరీక్ష దాకా నాకు ధైర్యంగా ఉంటుందనుకుంటున్నాను. ఎందుకు ఉంటుందో తెలియదు.

పదకొండేళ్ల కింద దీని తల్లి, అంటే నా కూతురు, జ్వరంతో ఆస్పత్రిలో ఉంది. అంతకు ముందొకసారి ఒక ఇంజెక్షన్ పడక ఒళ్లంతా దద్దుర్లెక్కి, ఊపిరాడక అల్లాడిపోయింది. ఆ సంగతి నాకు తెలుసు. ఈ పిల్లకూ తెలుసు. మందు పేరు రాసిన చీటీ నా చేతి సంచిలోనే ఉంది. డాక్టర్లు నలుగురు మంచం చుట్టూ నిలబడి ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. పిల్ల నా చెయ్యి గుంజింది, చెప్పు అమ్మమ్మా, చెప్పు అని. తానే చెప్పబోయింది. పెద్దవాళ్లు మాట్లాడుకుంటున్నారు, నోరు మూసుకో అని గిచ్చాను. వాళ్లు వెళ్లాక చెబుదామనుకున్నాను. వాళ్లు వెళ్లాక నర్సు వచ్చింది, చేతిలో ఇంజెక్షన్‌తో. అప్పుడైనా చెప్పానా? ఆమె తొందర చూసి, డాక్టరు రాసింది తప్పవుతుందా అనుకున్నాను.

అదే మందు. సాయంత్రానికి నా కూతురు లేదు.

ఆ రోజు నుంచి ఈ పిల్ల పెద్దవాళ్ల ముందు నోరు తెరవలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

19వ తేదీ

ధైర్యం రాలేదు. మూడు కార్డులూ కలిసిపోతున్నాయి. కడుపు, కుడివైపు, రెండు రోజులు, నాలుగు వాంతులు. కడుపు, కుడివైపు.

30వ తేదీ, సోమవారం

పది రోజులు పట్టింది ఈ పుస్తకం చేతికి రావడానికి. ఇవాళే ఇంటికి తెచ్చుకున్నాను. నేను లేనప్పుడు అలమరా ఎవరైనా తెరిచారా అన్నదే నా దిగులు. తెరవలేదు. బూజు కూడా నా కోసం అలాగే ఉంది.

ఆ రోజు సంగతి మరిచిపోకముందే రాస్తాను.

ఏడో పిల్ల వచ్చేసరికే నాకు ఒళ్లంతా చెమట పట్టింది. దవడ, మెడ, ఎడమ చెయ్యి మోచేతి దాకా ఎవరో పిండుతున్నట్టు. మూలన కూర్చున్న మేడమ్ నన్ను చూసి, ఇవాళ మరీ జీవించేస్తున్నారు పెద్దమ్మా అని మెచ్చుకుంది. లొడలొడ పిల్ల నా మూలుగు విని, ఇలా అయితే మాకు మార్కులు కాదు, మీకు బహుమతి ఇస్తారు అంది. నవ్వాను కూడా. ఛాతీలో నొప్పి లేదు. ఛాతీ నొప్పి కార్డు నేను ఎన్నిసార్లు పడ్డానని, గుండె సంగతైతే నాకు తెలియదా? ఇంకో నలుగురి తర్వాత మా పిల్ల. అది అయిపోతే ఇంటికెళ్లి పడుకోవచ్చు.

మా పిల్ల వచ్చింది. స్టూలు మీద కూర్చుని, నమస్కారమండీ, మీ వయసెంత, మీకేం బాధగా ఉంది అని అడిగింది. పుట్టి బుద్ధెరిగాక నన్ను మీరు అనడం అదే మొదలు. కడుపు అందామనుకున్నాను. నోట్లో కడుపే ఉంది. చెయ్యి మాత్రం దవడ మీదికి వెళ్లింది.

ఎప్పటి నుంచి అంది. పొద్దుట్నించి అన్నాను. కార్డులో రెండు రోజులు. దాని కలం ఆగింది. నా నుదుటి మీద చెయ్యి వేసింది, ఆ చెయ్యి తడిసింది. తర్వాత మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. మొహం నా మొహం దగ్గర పెట్టి, మేడమ్‌కు వినబడనంత చిన్నగా అడిగింది.

"నిజం చెప్పు అమ్మమ్మా. ఇది కార్డేనా?"

కార్డే అంటే చాలు. అది ఫోనెత్తి చిలకలా అప్పజెప్పేస్తుంది, పాసవుతుంది. ఇంకొక్క నిమిషం. పక్క గదిలో పెద్ద డాక్టరు, మూలన మేడమ్, గోడకు ఆనుకుని నిలబడినట్టే ఉంది నాకు, పడుకునే ఉన్నా.

"కార్డు కాదే," అన్నాను.

అది లేచి ఫోనెత్తింది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పదకొండు దగ్గర అది నోరు తెరిచింది. చిలక పలుకులు కావు. ఒక్కో మాటా రాయి ఎత్తి పెడుతున్నట్టు పెట్టింది. తప్పో ఒప్పో నాకేం తెలుసు? మధ్యలో ఒక మాట దొరక్క తన దవడే తాను పట్టుకుంది, ఫోనులో మనిషికి కనబడుతుందన్నట్టు. అది చెప్పినదాంట్లో నాకు తెలిసిన మాట ఒక్కటే, కార్డు. రెండుసార్లు అంది. రెండోసారి అన్నాక కూడా ఆగలేదు.

తర్వాత పక్క గదిలో కుర్చీ పడిన చప్పుడు. బూట్లు పరిగెత్తుకొస్తున్న చప్పుడు.

నన్ను ఆస్పత్రికి మోసుకెళ్లారు. గుండెకు వెళ్లే నాళంలో అడ్డమట. ముసలి ఆడవాళ్లకు ఒక్కోసారి ఛాతీలో కాకుండా దవడలో తెలుస్తుందట. ఇంకో గంట ఆలస్యమైతే అని అక్కడి డాక్టరు ఏదో అనబోతే, మా పిల్ల ఆయన్ని చూసి వద్దన్నట్టు తల ఊపింది. నేను భయపడతానని.

31వ తేదీ

ఆ పరీక్ష లెక్కలోకి రాదట. మూడో తేదీన మళ్లీ. కొత్త కార్డు, నా బదులు తోటమాలి. అదే డాక్టరు.

మేడమ్ నన్ను చూడ్డానికి ఇంటికి వచ్చి పళ్లు ఇచ్చి వెళ్లింది. నా కళ్లలోకి చూస్తుంటే నేను గోడ వైపు తిరిగాను. తెలిసిపోయిందేమో. నేను కార్డు చెప్పానని తెలిస్తే పిల్లని పరీక్షకే రానివ్వరు. తెలియకపోతే ఎప్పటికీ తెలియదు. ఎవరు చెబుతారు? నేను చెప్పను, అది చెప్పదు. అది అసలే మాట్లాడదు.

1వ తేదీ

డాక్టరు ఇచ్చిన బిళ్లలు మింగితే కునుకు వస్తుందన్నారు. రావడం లేదు.

ఒక సంగతి తోచింది. ఎల్లుండి పరీక్షలో దాన్ని ఎవరైనా అడిగితే? నువ్వేమైనా ముందే తెలుసుకున్నావా అని ఆ డాక్టరే అడిగితే? అప్పుడది నన్ను కాపాడ్డానికి నోరు మూసుకుంటుంది. మళ్లీ నా వల్లే మూసుకుంటుంది.

మధ్యాహ్నం క్యాలెండరు ముందు నిలబడ్డాను. దాని అంచున ఉన్న నాలుగు మెట్లూ చూసి, నావి నేను రాసుకున్నాను.

నేనెవరు: ఊడ్చే మనిషిని, ఆ పిల్ల అమ్మమ్మను.
ఏం జరిగింది: కార్డు నేనే చెప్పాను. అది అడగలేదు.
నాకేమనిపిస్తోంది: తప్పు నాది.
మీరేం చేయాలి: నన్ను పనిలోంచి తీసేయండి. దాన్ని పరీక్ష రాయనివ్వండి.

రాయనివ్వండి కాదు, మాట్లాడనివ్వండి. కొట్టేసి మళ్లీ రాశాను.

2వ తేదీ, గురువారం

చెప్పాను.

మేడమ్ గది ముందు నిలబడి మూడుసార్లు వెనక్కి తిరిగాను. నాలుగోసారి ఆమే తలుపు తీసింది. కూర్చోమంటే కూర్చోలేదు, కూర్చుంటే వరస మరిచిపోతానని. నాలుగూ వరసగా చెప్పేశాను. ముందుగా క్షమించండి అనలేదు. చివర్లో అన్నాను.

మేడమ్ అంది, నాకు ఆ రోజే తెలుసు పెద్దమ్మా అని.

ఎవరు చెప్పారన్నాను.

మా పిల్లే చెప్పిందట. ఫోనులో. నేను మంచం మీద పడుకుని వింటూ ఉండగానే, నాకు అర్థం కాని భాషలో. ఏమందో మళ్లీ చెప్పండమ్మా అని అడిగాను. ఆమె మన మాటల్లో, నిదానంగా చెప్పింది.

"ఈ కార్డు నాకు ముందే తెలుసు, మా అమ్మమ్మ చెప్పింది. ఇప్పుడు ఆమె చెబుతున్నది కార్డులో లేదు. ఇది గుండె అనుకుంటున్నాను. మీరు ఇక్కడికి రావాలి."

వరస కాస్త తప్పిందట, ఇంగ్లీషులో తప్పులు కూడా దొర్లాయట. డాక్టరు మాత్రం సగంలోనే కుర్చీలోంచి లేచాడట.

నన్ను పనిలోంచి తీయలేదు. మంచం మీదికి మాత్రం ఇక ఎప్పుడూ ఎక్కనివ్వనంది. కార్డులు నాకు చూపించనంది. అది న్యాయమే.

ఇంటికొచ్చి మనవరాలిని అడిగాను, ఇంత జరిగిందని నాకెందుకు చెప్పలేదే అని. చెబితే నువ్వు భయపడి మళ్లీ మంచమెక్కుతావని అంది. కాసేపయ్యాక నా మాత్రలు తెచ్చి అరచేతిలో పెడుతూ, నువ్వు కార్డు కాదన్నావు కదా, అందుకే చెప్పగలిగాను అంది.

మాత్రలు మింగాను.

3వ తేదీ, శుక్రవారం

పొద్దుటి నుంచీ కాలు గాలిన పిల్లిలా తిరుగుతుంటే, మీ గుండె మా మీదికి తెస్తారా అని లొడలొడ పిల్ల నన్ను ప్రాక్టికల్ గది బయట బెంచీ మీద కూర్చోబెట్టింది. లోపలికి నన్ను రానివ్వరు. రానిచ్చినా నేను వెళ్లను.

తోటమాలి మట్టి చేతులు కడుక్కుని వచ్చాడు. చచ్చిపోయే రోగమేదీ ఇవ్వలేదు కదా అక్కా అని అడిగాడు. నాకేం తెలుసు, నాకు చూపించరు కదా అన్నాను. లోపలికి వెళ్లి పడుకున్నాడు.

మా పిల్ల వెళ్లింది. నా వైపు చూడలేదు, అదే మంచిదైంది. తలుపు వేశారు.

అడగడం వినబడింది. తర్వాత చప్పుడు లేదు. లెక్కపెట్టాను. ఆరు దగ్గర గొంతు వచ్చింది.

ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ వింటుంటే, లోపల ఎవరికో ఏదో అయింది, ఎవరో పరిగెత్తుకుని రావాలి, అది మాత్రం తెలుస్తోంది. ఒకచోట ఆగింది. నేను కళ్లు మూసుకున్నాను. వెనక్కి వెళ్లి, అదే మాట ఇంకో రకంగా చెప్పుకుని, ముందుకు వచ్చింది. ఆస్పత్రిలో నా చెయ్యి గుంజిన గొంతే అది. కాస్త పెద్దదైంది.

తలుపు తెరుచుకుంది. మొదట తోటమాలి వచ్చాడు, బొత్తాం పెట్టుకుంటూ. నేను గబుక్కున లేచి అతని చెయ్యి పట్టుకున్నాను. ఒంట్లో ఎలా ఉంది తమ్ముడూ అన్నాను.

"నాకేమైంది అక్కా? ఉత్త కార్డే కదా."

కార్డేనని నాకూ తెలుసు. అయినా మనసు ఒప్పలేదు. అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించాను. రేపొకసారి డాక్టరు దగ్గరికి వెళ్లి చూపించుకోమని చెప్పాను. వెళితే ఊరికే నిలబడి రావద్దని, ఏ వరసలో చెప్పాలో నాలుగు మాటలూ అతనికి రెండుసార్లు అప్పజెప్పించి మరీ పంపాను.